జూదశాల హోటలుకు మన పిల్లల అప్పు

పోయిన నెల ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగుతుండగా, చాలా కాలంగా పరిచయమున్న ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు అమెరికాలో ఉంటున్నాడు. అక్కడే స్థిరపడిన హైదరాబాదీ కుటుంబపు అమ్మాయిని నికాహ్ చేసుకొని, గ్రీన్ కార్డు కూడా పొందాడు. పెద్దాయన ముఖంలో ఏదో సంకోచం కనిపించింది.

"భాయ్ సాబ్, మావాడు ఉద్యోగం చాలదని ఇంకో పని పట్టాడు. పెద్ద పెద్ద హోటళ్లలో రెండ్రోజులుండి, తిని, కాసేపు ఆడి వస్తే డబ్బులిస్తారట. ఆ హోటళ్లలో జూదశాలలుంటాయట. చిన్నదాని పెళ్లికి పంపిస్తానన్న సొమ్ము రెండు నెలలుగా రాలేదు. అడిగితే 'అబ్బా, అది హోటల్లో ఇరుక్కుంది, వచ్చేస్తుంది' అంటాడు. డబ్బిచ్చి ఉండనిస్తామన్న హోటల్లో మావాడి డబ్బు ఇరుక్కోవడమేమిటి? అసలిది హలాలేనా?"

ఆయన అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకటి జమాఖర్చుకు సంబంధించినది, రెండవది ధర్మానికి సంబంధించినది. నిలబడిన చోట జవాబు చెప్పగలిగినవి కావు. ఆ అబ్బాయితో ఫోనులో మాట్లాడి, నాలుగు చోట్ల విచారించి, మాకు తెలిసివచ్చిన విషయాలను పాఠకుల ముందుంచుతున్నాము. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు మనలో ఇప్పుడు చాలానే ఉన్నాయి కదా!

ఇంతకూ ఏమిటీ పని?

దీన్ని 'మిస్టరీ షాపింగ్' అంటారు. తన సిబ్బంది ఎలా పనిచేస్తున్నారో తెలుసుకోదలచిన యాజమాన్యం, మామూలు ఖాతాదారు వేషంలో ఒక మనిషిని పంపించి రహస్యంగా పరీక్ష చేయిస్తుంది. ఆలోచన కొత్తది కాదు. 19వ శతాబ్దం మధ్యకాలంలోనే అమెరికా రైళ్లలో కండక్టర్లు టిక్కెట్ల సొమ్ము కాజేస్తున్నారేమో కనిపెట్టడానికి ప్రయాణికుల వేషంలో డిటెక్టివ్‌లను ఎక్కించేవారు. ఈనాడు బట్టల దుకాణం మొదలు బ్యాంకు వరకు ఈ పద్ధతి పాకింది. పరీక్ష చేయించుకునే సంస్థకూ, పరీక్షించే మనిషికీ నడుమ ఒక ఏజెన్సీ ఉంటుంది. పని ఇచ్చేదీ, నివేదిక తీసుకునేదీ, డబ్బు చెల్లించేదీ ఆ ఏజెన్సీయే. పరీక్షకుడు దానికి ఉద్యోగి కాడు. పనికింతని తీసుకునే స్వతంత్ర కాంట్రాక్టరు మాత్రమే.

దుకాణంలో ఒక సబ్బు కొని వచ్చే పరీక్షకూ, జూదశాల హోటలు పరీక్షకూ చాలా తేడా ఉంది. అమెరికాలోని నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. లాస్ వేగాస్ నగరం దాని మీదే పెరిగింది. న్యూజెర్సీ ఓటర్లు 1976లో అట్లాంటిక్ సిటీకి ఆ అనుమతినివ్వగా, 1978లో అక్కడ మొదటి జూదశాల తెరుచుకుంది. ఈ హోటళ్లలో గది, భోజనశాల, మద్యశాల, నాటకశాల, జూదశాల అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. అందుచేత పరీక్ష కూడా అంత పొడవుగా ఉంటుంది. గది బుక్ చేయడానికి ఫోను చేసినప్పుడు ఎన్ని గంటలు మోగాక ఎత్తారు? కారు తీసుకున్న మనిషి పలకరించాడా? గది అద్దం మీద మరకలున్నాయా? భోజనం ఎన్ని నిమిషాలకు వచ్చింది? మద్యశాలలో పనివాడు తీసుకున్న డబ్బు గల్లాపెట్టెలో వేశాడా, జేబులో వేసుకున్నాడా? పేకాట బల్ల దగ్గర డీలరు మర్యాదగా మాట్లాడాడా? ఇలా వందల ప్రశ్నలు. ప్రతి ఉద్యోగి పేరు, పోలికలు, సమయం నిమిషాలతో సహా గుర్తుంచుకోవాలి. ఎవరి ఎదుటా కాగితం తీయకూడదు. మరుగుదొడ్డికి వెళ్లి రాసుకోవడమే దారి. తిరిగివచ్చాక ఒకటి రెండు రోజుల్లోపే సుదీర్ఘమైన నివేదిక పంపాలి.

మరి గది అద్దె, భోజనం, మద్యం, బల్ల మీద పెట్టిన పందెం, ఇచ్చిన టిప్పులు... ఈ డబ్బంతా ఎవరిది? ముందుగా పరీక్షకుడిదే! తన క్రెడిట్ కార్డు మీద చెల్లించి, రసీదులు జతచేస్తే, ఏజెన్సీ వారాల తరబడి గడిచాక, ఒక్కోసారి నెల రెండు నెలలకు, తిరిగి ఇస్తుంది. దాంతోపాటు కాస్త కూలి. పెద్దాయన కొడుకు చెప్పిన 'ఇరుక్కోవడం' ఇదే.

జమాఖర్చు చూద్దాం

సులువుగా అర్థం కావడానికి ఒక లెక్క వేసుకుందాం. రెండు రాత్రుల బసకు అన్నీ కలిపి 900 డాలర్లు ఖర్చయిందనీ, పరీక్షకుడికి కూలి 100 డాలర్లనీ అనుకుందాం. హోటల్లో కళ్లు చెవులు అప్పగించి తిరిగిన సమయం 16 గంటలు, నివేదిక రాయడానికి 8 గంటలు. మొత్తం 24 గంటలు. అంటే గంటకు నాలుగు డాలర్ల పైచిల్లర. అమెరికా కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. నెవాడా రాష్ట్రంలో 2024 జూలై నుంచి అది 12 డాలర్లు. కాంట్రాక్టరుకు ఈ రక్షణ వర్తించదు.

సొమ్ము తిరిగిరాకముందే కార్డు బిల్లు గడువు వచ్చిందనుకోండి. ఏడాదికి 24 శాతం వడ్డీ గల కార్డయితే 900 డాలర్లకు నెలకు 18 డాలర్లు. రెండు నెలలకు 36. వంద డాలర్ల కూలిలో మిగిలింది 64. స్వయం ఉపాధి నికర ఆదాయం ఏడాదికి 400 డాలర్లకు చేరితే సుమారు 15 శాతం పన్ను, ఆపై ఆదాయపు పన్ను. చివరికి చేతిలో నిలిచేది ఏభై డాలర్ల లోపే.

"గది, భోజనం ఉచితంగా వచ్చాయి కదా" అంటారు కొందరు. నిజమే. కాని అది మనకు కావలసిన గది కాదు, మనం కోరుకున్న భోజనం కాదు. తినే ప్రతి ముద్దకూ టైము రాసుకుంటూ తినే భోజనం విందు కాదు, పని.

పైగా ఈ లెక్క అంతా సవ్యంగా జరిగితేనే. రసీదు ఒకటి పోతే? చెప్పిన సమయానికి పది నిమిషాలు ముందు వెళితే? వెళ్లాల్సిన ఒక చోటు మరచిపోతే? ఉద్యోగి పేరు తప్పు రాస్తే? హోటలు వసూలు చేసే 'రిసార్ట్ ఫీజు' ఏజెన్సీ ఇచ్చే పరిమితిలోకి రాకపోతే? నివేదికను తిరస్కరించే అధికారం ఏజెన్సీది. దాని మాటే తుది మాట. హోటలు మీద ఫిర్యాదు చేద్దామా అంటే, అది గది ఇచ్చింది, తిండి పెట్టింది, ఇక దాని పూచీ ఏముంది? ఏజెన్సీ దివాలా తీస్తే బాకీదారుల వరుసలో చిట్టచివర నిలబడాల్సిందే.

ఒక్క నివేదిక పూర్తిగా తిరస్కరించబడితే పోయేది 900 డాలర్లు. దాన్ని పూడ్చుకోవాలంటే మరో తొమ్మిది హోటళ్ల కూలి కావాలి. ఈ లెక్కను మరొక్కసారి చూడండి. తొమ్మిది వందలు ఒడ్డి వంద కోసం ఎదురుచూడటాన్ని ఏమంటారు? పరీక్షకుడు జూదబల్ల దగ్గరికి చేరకముందే, హోటలు గుమ్మంలో కార్డు ఇచ్చినప్పుడే పందెం కాసినట్లయింది.

ఆ అబ్బాయి కథ ఇదే. మొదటి హోటలు సొమ్ము ఏడు వారాలకు వచ్చింది. ఆ ధైర్యంతో అంతకంటే పెద్ద హోటలు ఒప్పుకున్నాడు. భోజనశాల రసీదు ఒకటి ఎక్కడో జారిపోయింది. నివేదిక 'పరిశీలనలో ఉంది' అన్నారు. ఇంకా పరిశీలనలోనే ఉంది. చెల్లెలి పెళ్లి సొమ్ము ఆ హోటలు ఖాతాలో చేరిపోయింది. కార్డు వాడు మాత్రం ప్రతి నెలా తన వడ్డీ తాను అడుగుతున్నాడు.

అప్పిచ్చినవాడెవడు?

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి బోధ ఒకటి మనందరికీ తెలిసిందే. ప్రళయదినాన మనిషిని అతని ధనం గురించి రెండు విధాలుగా ప్రశ్నించడం జరుగుతుంది. ఎలా సంపాదించావు, దేనికి ఖర్చు చేశావు అని. మామూలు పనుల్లో ఈ రెండు ప్రశ్నలూ వేరువేరుగా ఉంటాయి. కూలి ఒకచోట, ఖర్చు మరొకచోట. ఈ పనిలోని విచిత్రమేమంటే, ఖర్చు చేయడమే సంపాదన! అందుచేత రెండు ప్రశ్నలూ ఒకేసారి మీద పడతాయి.

మొదట సంపాదన మాట. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇచ్చేయాలని ప్రవక్త (స) ఆదేశించారు. ఇక్కడ కూలి ఇవ్వకపోగా, కూలివాడే యజమానికి పెట్టుబడి పెడుతున్నాడు. హోటలుకు తన బిల్లు ఆ రోజే ముట్టింది. ఏజెన్సీ జేబు నుంచి రూపాయి కదల్లేదు. నడుమ వారాలన్నీ మోసింది ఒక్క పరీక్షకుడే. ఇది ఉద్యోగం కాదు, అప్పివ్వడం. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు గురించినదే. అప్పును గడువుతో సహా రాసుకోవాలనీ, సాక్షులుండాలనీ అందులో ఆదేశం ఉంది. మరి ఈ అప్పుకు పత్రమేది? గడువేది? తిరిగి ఇవ్వాలో వద్దో బాకీదారే తీర్మానించుకునే అప్పు ఎక్కడైనా ఉందా? పోనీ అని ఆ అప్పివ్వడానికి మనవాడు మరొకరి దగ్గర వడ్డీకి తెచ్చుకుంటున్నాడు. వడ్డీ తినడమే కాదు, వడ్డీ ఇవ్వడం కూడా నిషిద్ధమన్న సంగతి ఈ పేజీ పాఠకులకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు.

పరాయి సొమ్ముతో ఆడినా...

ఇక ఖర్చు మాట. "జూదం ఆడేది నా కోసం కాదు. అది వాళ్లు చెప్పిన పని. ఓడితే సొమ్ము వాళ్లదే" అని ఆ అబ్బాయి మాతో అన్నాడు. మేము ముఫ్తీలం కాము. ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. అయినా జూదం గురించి దివ్యఖుర్ఆన్ బఖరా 219, మాయిదా 90 ఆయత్‌లలో చెప్పినదానికి పెద్ద వ్యాఖ్యానమేమీ అక్కరలేదు. జూదంలో కొంత లాభముందని బఖరా సూరా ఒప్పుకుంటూనే, దాని పాపం ఆ లాభం కంటే పెద్దదని తేల్చింది. మాయిదా సూరా దాన్ని సారాయితో కలిపి షైతాను పనిగా ఎంచి, దూరంగా ఉండమంది. డబ్బు ఎవరిదైతే ఆడవచ్చునన్న మినహాయింపు అక్కడ లేదు. మద్యం విషయంలో తాగేవాడినే కాక పోసేవాడిని, మోసేవాడిని, కొనేవాడిని కూడా ప్రవక్త (స) శపించారని హదీసులు చెబుతుంటే, తాగకపోయినా పరీక్ష కోసం గ్లాసు తెప్పించి బిల్లు కట్టడాన్ని ఏమని సమర్థించుకుంటాం?

ధర్మం మాట అటుంచి లోకరీతిగా చూసినా ప్రమాదం తక్కువ కాదు. పరీక్షలో భాగంగా చాలాసార్లు జూదశాల సభ్యత్వ కార్డు తీసుకోవాల్సి వస్తుంది. ఎవరు ఎంత ఆడారో ఆ కార్డు లెక్క కడుతుంది. పని రెండు రోజుల్లో అయిపోతుంది. కాని ఆ తరువాత 'ఉచిత గది, ఉచిత భోజనం' అంటూ ఆహ్వానాలు వస్తూనే ఉంటాయి. మొదటిసారి పని కోసం వెళ్లినవాడు రెండవసారి ఎందుకు వెళతాడో ఎవరు చెప్పగలరు? బల్ల దగ్గరికి వెళ్లే దారి తెలియకపోవడం కూడా ఒక రక్షణే.

"జూదం, మద్యం లేని భాగమే ఒప్పుకుంటే?" అని అడగవచ్చు. గది శుభ్రత చూసి రావడం పేకాట ఆడటంతో సమానమని మేము అనము. అయితే హలాల్, హరామ్‌ల నడుమ సందేహాస్పదమైనవి కొన్ని ఉంటాయనీ, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకున్నాడనీ ప్రవక్త (స) బోధించారు. ఆ గది, ఆ భోజనశాల మనిషిని జూదశాలకు చేర్చడానికే కదా కట్టింది!

పరీక్షా? పొంచి చూడటమా?

తనిఖీయే తప్పని మా అభిప్రాయం కాదు. ప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి, పైన పొడిగా లోపల తడిగా ఉండటం గమనించి వర్తకుణ్ణి మందలించిన సంఘటన ప్రసిద్ధమే. తరువాతి కాలంలో బజారు తూకాలను పరీక్షించడానికి 'ముహ్తసిబ్' అనే అధికారి ఉండేవాడు. కాని ఆ తనిఖీ వర్తకుడి ఎదుటే జరిగింది. అతనికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం దక్కింది. అది బలహీనుడైన కొనుగోలుదారు తరఫున జరిగిన తనిఖీ.

జూదశాల హోటల్లో పరీక్ష ఎవరి మీద? యజమాని మీద కాదు. టిప్పుల మీద బతికే డీలరు మీద, సామాను మోసే మనిషి మీద, రాత్రంతా నిలబడి గ్లాసులు అందించే అమ్మాయి మీద. ఆ రోజు బిడ్డకు జ్వరమై నవ్వలేకపోయిందేమో! నివేదికలో "నవ్వలేదు" అని మాత్రమే ఉంటుంది. ఆ ఒక్క ముక్క ఆమె ఉద్యోగానికే ఎసరు తేవచ్చు. రాసినదెవరో ఆమెకు తెలియదు, ఆమె జవాబు వినేవారుండరు. పరుల లోపాల కోసం కూపీ లాగడాన్ని హుజురాత్ సూరా 12వ ఆయత్ వారించింది. దొంగతనాన్ని పట్టుకోవడం వేరు, చిరునవ్వుకు మార్కులు వేయడం వేరు. ఇలాంటి పనిని, ఏ దుకాణంలోనైనా సరే, ఒప్పుకున్నవాడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. నివేదిక అంటే సాక్ష్యం. కూలి ఆగిపోతుందన్న భయంతో చూడనిది చూసినట్లు రాస్తే అది దొంగసాక్ష్యమే.

తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

మొదటిది, చదువు కోసం ఎఫ్-1 వీసా మీద వెళ్లిన పిల్లలు అనుమతి లేకుండా కాలేజీ బయట ఏ పనీ చేయరాదు. హెచ్-1బీ మీద ఉన్నవారు తమను తెచ్చుకున్న సంస్థకే పనిచేయాలి. 'ఇది ఉద్యోగం కాదు, కాంట్రాక్టు' అన్న మాట అక్కడి చట్టం ముందు నిలవదు. వంద డాలర్ల కోసం వీసానే పోగొట్టుకోవచ్చు.

రెండవది, ఈ పని పేరుతో మోసాలు జరుగుతున్నాయని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎన్నో ఏళ్లుగా హెచ్చరిస్తోంది. ముందుగా ఒక చెక్కు పంపుతారు. దాన్ని బ్యాంకులో వేసి, కొంత ఉంచుకొని, మిగతాదానితో గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమంటారు. బ్యాంకు తొందరగానే డబ్బు ఇచ్చేస్తుంది. చెక్కు దొంగదని తేలేది వారాల తరువాత. అప్పుడా సొమ్మంతా మనమే కట్టుకోవాలి. పని ఇప్పించడానికి ముందుగా ఫీజు అడిగినవాడు కూడా మోసగాడే.

మూడవది, ఇదే మోసం వేరే వేషంలో మన హైదరాబాదు, విజయవాడల్లోనూ తిరుగుతోంది. 'ఇంట్లో కూర్చొని హోటళ్లకు రేటింగులివ్వండి' అని వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో సందేశం వస్తుంది. మొదట వంద, రెండు వందలు నిజంగానే జమ చేస్తారు. ఆ తరువాత 'ముందు మీరు కట్టండి, లాభంతో తిరిగి ఇస్తాం' అంటారు. కట్టింది మరి రాదు. అలా మోసపోయినవారు సిగ్గుపడి కూర్చోక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

చివరగా ఒక చేదు మాట

ఆ అబ్బాయి ఉద్యోగస్థుడు. తిండికి, బట్టకు లోటు లేదు. మరి ఈ పనికెందుకు వెళ్లాడు? మేము అడిగితే కాసేపు మౌనంగా ఉండి, "ఫంక్షన్ హాలుకు, వలీమాకు, ఇచ్చే సామానుకు కలిపి అబ్బా చెప్పిన లెక్క నా జీతంలో మిగిలేది కాదు అంకుల్" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. కొడుకును జూదశాల గుమ్మం దాకా నడిపించింది ఒక్క ఏజెన్సీయేనా? ఆడపిల్ల పెళ్లిని అప్పుల పండుగగా మార్చుకున్న మనకందులో భాగం లేదా? అమ్మాయి తరఫువారు వలీమా ఖర్చు మోయడం ఏ ధర్మంలో ఉంది? మెహర్ ఇచ్చి చేసుకోవలసిన నికాహ్‌కు సామాను లెక్కలేమిటి?

తరువాతి శుక్రవారం పెద్దాయనకు మేము చెప్పినది ఇంతే. కొడుకును తిట్టకండి. రావలసిన సొమ్మును గడువు పెట్టి రాతపూర్వకంగా అడగమనండి. తన డబ్బు తాను అడగడం అవమానం కాదు. ముందుగా కార్డు అప్పు తీర్చి, వడ్డీ నుంచి బయటపడమనండి. ఇకముందు ఏ పని ఒప్పుకున్నా, మొదట ఎవరి జేబులో నుంచి డబ్బు కదులుతుందో చూసుకోమనండి. తన జేబులో నుంచే అయితే అది కూలి కాదు, అప్పు. ఆ అప్పు జూదశాలకైతే, అల్లాహ్ మన్నించుగాక, దాని వసూలు ఈ లోకంతో ముగిసేది కాదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత జేబులో నుంచి మడతపెట్టిన కాగితం తీశారు. అది పెళ్లి ఖర్చుల జాబితా. "అబ్బాయి తరఫువాళ్లతో ఇవాళే మాట్లాడతాను. నికాహ్ ఈ మసీదులోనే చేద్దామంటాను" అని పెన్ను తీసి మొదటి వరుసలోని ఫంక్షన్ హాలును కొట్టేశారు. ఆ కొట్టివేతలో ఎన్ని రాత్రుల హోటలు బస తప్పిందో ఆ కొడుక్కి తెలియాలి. అలాంటి జాబితాలు మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయో మనం ఒకసారి తీసి చూసుకోవాలి. కష్టార్జితమైన హలాల్ రొట్టె చిన్నదైనా దానితోనే తృప్తిపడే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ, మన పిల్లలకూ ప్రసాదించుగాక! ఆమీన్.